సౌండ్ లేని వార్తలు

మా సోషల్ సారు బడిలో టీవీ వార్తలు పెట్టగానే సౌండ్ పూర్తిగా తగ్గించేవారు. బటన్ మీద చెయ్యి ఉంచి, "ఏం కనవడ్తాంది?" అని అడిగేవారు. మేము చెప్పాకే సౌండ్ పెంచేవారు. మా ఊహ చాలాసార్లు తప్పేది.

"బొమ్మ ఒక్కటే సూసి నమ్మద్దు బిడ్డా, మాట గూడ ఇనాలె" అనేవారు. ఏ లెక్కనైనా రెండోసారి సరిచూసుకోవడం నాకు అక్కడే అలవాటైంది.

ఆ వానాకాలం ఆయన కూతురు ములుగు హాస్టల్‌కు బస్సెక్కింది. రెండు రోజులైనా చేరినట్టు కబురు రాలేదు.

"ఉత్తరం నడుసుకుంట వస్తాందేమో సార్" అని మేమంటే నవ్వారు.

ఆ సాయంత్రం తెర మీద పొంగుతున్న వాగు కనిపించింది.

"బస్సు బోల్తా పడ్డది సార్," అంది ముందు వరుసలోని పిల్ల. "ఒడ్డు మీద రేకు పెట్టె ఉన్నది. మూత మీద నెమలి..." అంటూ ఆగిపోయింది.

కూతురు బస్సెక్కే ముందు, ఆమె పెట్టె మీద ఆ నెమలి బొమ్మను సారు ఆ గదిలోనే, మా కళ్ల ముందే వేశారు.

"సౌండ్ పెట్టుండ్రి సార్!" అని వెనక బెంచీల వాళ్లు అరిచారు.

సారు చెయ్యి బటన్ మీదే ఉండిపోయింది. తెర మీద మరో వార్త వచ్చింది.

"మాట ఇనలే గద బిడ్డా," అన్నారు మా వైపు తిరగకుండానే. "అప్పుడే నమ్మద్దు."