పెళ్ళికార్డుల కంప్యూటర్‌కి నేను చేసిన మేలు

ఒకసారి నా కుడిచేతి చూపుడు వేలు ఒక్క మీట నొక్కి, ఒక పెళ్ళిని పిలుపుల దగ్గరే ఆపేయబోయింది. పెళ్ళివారి తప్పేమీ లేదు. తప్పంతా నాదే, వినండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాది ఆంధ్రా సరిహద్దు పక్కనున్న ఒడియా పట్నం. ఇల్లు లంజిపల్లిలో, మా బాబాయి ప్రింటింగ్ షాపు బడా బజార్‌లో. కంప్యూటర్ చదువు ముగించి, ఆ షాపులో కార్డులు డిజైన్ చేసేదాన్ని. అక్కడి కంప్యూటర్‌ని నడిపేది ఉబుంటు అనే లినక్స్. ఆ ఉదయం గిరిసోల నుంచి అప్పలస్వామి గారనే రైతు తన కూతురి పెళ్ళికార్డుల కోసం వచ్చి కూర్చున్నారు. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా. డిజైన్ సిద్ధం, ప్రింటు కొట్టడమే తరువాయి.

కొట్టేసి ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే అది నేనెందుకవుతాను. డిజైన్ ప్రోగ్రాం కొత్త వెర్షన్‌లో పూలతీగలు ఇంకా అందంగా వస్తాయని విన్నాను. అది ఉబుంటుకి ఇంకా రాలేదు. డెబియన్ అనే మరో లినక్స్‌కి వచ్చేసింది. డెబియన్ నుంచి పుట్టిందే ఉబుంటు, తల్లి చీర కూతురికి సరిపోదా అనుకుని అక్కడి నుంచే దించమన్నాను. కంప్యూటర్ మర్యాదగా తనలోని ప్రోగ్రాంల బారెడు జాబితా చూపించి, ఇవన్నీ తీసేస్తాను, సరేనా అని అడిగింది. బస్సు టికెట్టు వెనక నిబంధనలు మీరెంత శ్రద్ధగా చదువుతారో నేనూ అంత శ్రద్ధగా చదివి, సరేనన్నాను.

ఆపి మళ్ళీ ఆన్ చేస్తే నల్లటి తెర. మూలన ఒక తెల్ల గీత మిణుకుమిణుకుమంటోంది.

"ఏటయ్యిందే?" అన్నాడు బాబాయి.

"అప్‌డేట్ అవుతోంది బాబాయ్."

"బొమ్మలేవీ కనపడవేటి?"

"అవీ అప్‌డేట్‌కే ఎల్లాయి."

గంట గడిచింది. అప్పలస్వామి గారు మూడో టీకి వచ్చారు. "అమ్మా, నానివాళ ఇచ్ఛాపురంలో పిలుపులు మొదలెట్టాల. నిజం సెప్పు. కార్డులున్నాయా, పోయాయా?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఉన్నదంతా చెప్పేశాను. "రెండూ ఒకటే వంశం కదండీ, ఒకటే గోత్రం లాంటివి. కలిసిపోతాయనుకున్నాను."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి నన్ను జాలిగా చూశారు. "అదేటమ్మా, పెళ్ళికార్డులేసేదానివి. ఒకటే గోత్రమైతే సంబంధమెలాగ కలిపీసినావు?"

బాబాయి నవ్వు ఆపుకోలేక కవర్ల కట్ట మీద వాలిపోయాడు. ఆ నవ్వుతో నాకు ధైర్యమొచ్చింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఉబుంటుతో కంప్యూటర్‌ని లేపి చూస్తే ఫైళ్ళన్నీ క్షేమం. వాటిని బయటికి తీసి, ఉబుంటు మళ్ళీ ఎక్కించి, మధ్యాహ్నానికి పాత పూలతీగలతోనే కార్డులు కొట్టిచ్చాను. అప్పలస్వామి గారు మొదటి కార్డు మాకే ఇస్తూ, "మీ పేర్లు నువ్వే రాసీయమ్మా. పెన్నుతోనే రాయి," అన్నారు.

ఆ పెళ్ళిభోజనం సాక్షిగా ప్రమాణం చేశాను. శుభ్రంగా పనిచేస్తున్న కంప్యూటర్‌ని, పెళ్ళివారు ఎదురుగా కూర్చుని ఉండగా, ఈ జన్మలో మళ్ళీ బాగుచేయను.