బావ కొనిపించిన పెట్రోలు బండి

మండపేట మిల్లు నుంచి గోదావరి దాటి కొవ్వూరు కొట్లకి బియ్యం తోలే లోడు ఒకటి నా చేతిలో నాలుగేళ్ళు ఉంది. రోజూ అదే మిల్లు, అవే కొట్లు, అదే వంతెన. కిరాయి వ్యాను నడుపుకునేవాడికి అలాంటి లోడు దొరకడమంటే గవర్నమెంటు ఉద్యోగం దొరికినట్టే. స్టాండులో మిగతావాళ్ళు ఫోను ఎప్పుడు మోగుతుందా అని దాని వంక చూస్తూ కూర్చుంటే, నేను తెల్లారేసరికి మిల్లు గేటు దగ్గర బండి వెనక్కి పెట్టి, బస్తాలు ఎక్కుతుంటే పళ్ళు తోముకునేవాణ్ణి.

ఆ లోడు ఇప్పుడు నా దగ్గర లేదు. ఎలా పోయిందో చెబుతాను. ముందుగా ఒక్క మాట. నేను కోతలు కోస్తానని మా స్టాండులో పేరుంది, ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే. కాని ఇది కోసింది కాదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా పాత కథలు విన్నప్పటిలాగే నవ్వుతూ, తర్వాతేమైందని అడుగుతున్నారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితమైతే నవ్వదు.

నా పాత వ్యాను డీజిల్‌ది. ఓసారి దాని పొగ తట్టుకోలేక ద్వారపూడి దోమలన్నీ ఊరు ఖాళీ చేసి అనపర్తి వెళ్ళిపోయాయనీ, వారానికోసారి ఇటు తిరగండి బాబూ అని ద్వారపూడి పెద్దలు నన్ను బతిమాలారనీ చెప్పేవాణ్ణి. అందరికీ నచ్చింది మాత్రం వంతెన కథ. నలభై బస్తాలతో రాజమండ్రి వంతెన ఎత్తుని మూడో గేర్లో ఎక్కించాననీ, గేరు మార్చే పనిలేక ఖాళీగా ఉన్న ఎడమ చేత్తో టీ గ్లాసు పట్టుకున్నాననీ, పైకెళ్ళేసరికి టీ తొణకలేదు సరికదా చల్లారను కూడా లేదనీ. నిజానికి ఆ బండి ఆ ఎత్తుని రెండో గేర్లో మూలుగుతూ ఎక్కేది. దాంతోపాటు నేనూ మూలిగేవాణ్ణి. అయినా ఎక్కేది. ఒక్కరోజు కూడా ఆగలేదు.

కిందటేడు సార్వా వరి కోతలప్పుడు దాని ఇంజను పట్టేసి సీజైపోయింది. మెకానిక్ సీటు ఎత్తి లోపలికి చూశాడు, మళ్ళీ సీటు వేసేసి చేతులు తుడుచుకున్నాడు. నేను మిల్లు ఓనరు గారి దగ్గరికెళ్ళి సంగతి చెప్పాను. ఆయన పెద్దాయన, మాట తక్కువ. పది రోజులపాటు ఎవరితోనైనా తోలించుకుంటాననీ, ఈలోపు కొత్త బండి తెచ్చుకోమనీ అన్నారు. గుమ్మం దిగుతుంటే వెనక్కి పిలిచి, "బస్తాలు మాత్రం తగ్గించను, చూసుకో," అన్నారు.

అంటే పది రోజుల్లో నేను డీజిలో పెట్రోలో తేల్చుకోవాలి. తేల్చుకోవడానికేముంది, నా మనసులో అప్పటికే డీజిల్. స్టార్ట్ చెయ్యగానే సీటు కింద ఆ వణుకు తగలకపోతే నాకు బండి ఎక్కినట్టే ఉండదు. బరువు మీద పడ్డప్పుడు డీజిల్ ఇంజను తల వంచుకుని లాగుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా సలహా అడగడానికి బావ దగ్గరికెళ్ళాను.

బావ అంటే చుట్టం కాదు. ఇరవై ఏళ్ళుగా స్టాండులో నా పక్కనే బండి పెట్టుకునే స్నేహితుడు. మా వైపు స్నేహం ముదిరితే పిలుపు బావలోకి దిగుతుంది. మేమిద్దరం ఏ రకంగానూ ఒకరికొకరు సరిపోయేవాళ్ళం కాదు. నేను పది మాటలాడితే అతను ఒకటి ఆడేవాడు. నా కథలన్నీ ముఖం కదపకుండా విని చివర్లో "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కోసమే నేను కొత్తవి అల్లేవాణ్ణి. అతను అబద్ధమాడగా ఇరవై ఏళ్ళలో నేను వినలేదు. నేను అతని దగ్గరికి వెళ్ళింది అందుకే.

టీ కొట్టు దగ్గర మూడు రోజులు నడిచింది ఆ చర్చ. బావ అంతసేపు మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. కొత్త డీజిల్ బళ్ళకి పొగగొట్టంలో ఒక ఫిల్టరు పెడుతున్నారట, అది శుభ్రపడాలంటే హైవే మీద ఆగకుండా చాలా దూరం పోవాలట. కొట్టు కొట్టుకీ ఆగుతూ తిరిగే మన బళ్ళకి అది మసితో మూసుకుపోతుందట. పెట్రోలుకి ఆ గొడవ లేదు, చప్పుడు లేదు, తెల్లారగట్ల చలిలో కూడా తాళం తిప్పగానే అందుకుంటుంది. తర్వాత అతను చేత్తో నేల చదును చేసినట్టు గాలిలో గీసి చూపించాడు. "మన డెల్టాలో ఎత్తెక్కడుంది బావా? మిల్లులో పేర్చిన బస్తాల నెట్టే మనకి కొండ."

వంతెన ఉంది కదా అన్నాను.

అప్పుడు బావ స్టాండులో వాళ్ళందరి వైపూ తిరిగాడు. ఐదారుగురున్నారు, గ్లాసులు పట్టుకుని. "మూడో గేర్లో, చేతిలో టీ గ్లాసుతో ఎక్కించినవాడివి నువ్వు. నీకు ఇంజనుతో పనేంటి?" అన్నాడు.

అందరూ నా వంక చూశారు. ఆ క్షణంలో నేను చెప్పవలసింది చాలా చిన్న మాట. అది అబద్ధం బావా, రెండో గేర్లో మూలుగుతూ ఎక్కేవాణ్ణి. అంతే. ఏళ్ళ తరబడి పెంచుకున్న కథని టీ కొట్టు దగ్గర నా చేతులతో నేనే చంపుకోవడం నా వల్ల కాలేదు. "అదీ నిజమేలే," అన్నాను. ఒక కథ పరువు కాపాడటానికి ఇంజను ఎంచుకున్నవాడు ఈ రెండు జిల్లాల్లో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తానూ పెట్రోలే కొంటానన్నాడు బావ. తన బండి కూడా ముసలిదైపోయింది కాబట్టి వేసవిలో దాళ్వా కోతలయ్యాక అదే రకం తీసుకుంటాననీ, ఇద్దరివీ ఒకటే అయితే స్పేరు టైరు దగ్గర్నుంచి మెకానిక్ దాకా కలిసొస్తాయనీ అన్నాడు. రాజమండ్రి షోరూముకి నాతో వచ్చాడు. ట్రయల్ వేస్తుంటే నా పక్కన కూర్చున్నాడు. రంగు కూడా తనే ఎంచాడు, తెలుపైతే మట్టి కనిపిస్తుందని నీలం తీయించాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ బండికి హారతిచ్చి, ఆయన ఎందుకండీ ఇంత శ్రద్ధ తీసుకున్నారు అంది. స్నేహమంటే నీకేం తెలుసన్నాను.

మొదటి లోడు రోజు మండపేట నుంచి రాజమండ్రి దాకా బండి నీళ్ళ మీద పడవలా పోయింది. బావ చెప్పింది నిజమే, చప్పుడే లేదు. వంతెన ఎత్తు మొదలయ్యాక రెండో గేరు, ఆ వెంటనే ఒకటో గేరు. సగం ఎత్తులో ఇంజను గొంతు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. బ్రేకు మీద నిలబడ్డాను. క్లచ్చి కాలిన వాసన. వెనక హారన్లు. ఒక ఆటో అతను దిగొచ్చి చక్రం కింద రాయి పెట్టి, కొత్త బండిలా ఉందే అన్నాడు. పన్నెండు బస్తాలు రోడ్డు వారగా దింపి, మిగతావి కొవ్వూరు చేర్చి, మళ్ళీ వచ్చి అవి వేసుకుని వెళ్ళాను. కొట్లవాళ్ళు మిల్లుకి ఫోను చేశారు. రెండో రోజూ అంతే. మూడో రోజు క్లచ్ ప్లేటే పోయింది. సాయంత్రం మిల్లు నుంచి ఫోను వచ్చింది, రేపట్నుంచి రావద్దులే అని. ఆయన కోపంగా అన్నా కాస్త బాగుండేది.

బండి బాగై వచ్చాక ఏదో చిన్న కిరాయికి ఖాళీగా వంతెన ఎక్కుతున్నాను. వెనక నుంచి ఒక చప్పుడు. డీజిల్ చప్పుడు, కొత్త డీజిల్, బరువు మీద తల వంచుకుని లాగుతున్న చప్పుడు. పక్కకి తప్పుకున్నాను. కొత్త వ్యాను నన్ను దాటింది, తెల్లది. వెనక నిండా మా మిల్లు బస్తాలు. స్టీరింగు దగ్గర బావ. అతను నా వంక చూశాడు. చెయ్యి ఊపబోయి ఆపేశాడు, అది నాకు స్పష్టంగా కనిపించింది.

ఖాళీగా ఉంటే పెట్రోలు బండి బాగా పోతుంది. వంతెన దిగేలోపే అందుకున్నాను. కొవ్వూరు వైపు టీ బండి దగ్గర అతను ఆగాడు, నేనూ ఆగాను. ఇద్దరం దిగాం. అతను నాకూ ఒక టీ చెప్పాడు, ఏమీ జరగనట్టు.

"పెట్రోలు కొంటానన్నావు," అన్నాను.

"అన్నాను."

"మరి ఇదేంటి?"

"డీజిలు."

"అబద్ధం చెప్పావు బావా." ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది.

"నువ్వు ఇరవై ఏళ్ళ నుంచి చెబుతున్నావు. అన్నీ కూర్చుని విన్నాను. నేను ఒక్కటి చెప్పాను." టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "నేను నిద్రపోతూ బండి తోలతానని మిల్లు అరుగు మీద చెప్పిందెవరు?"

ఇక్కడ దాటేసి ముందుకి పోదామనుకున్నాను. కాని నవ్వదని కాగితాన్ని నమ్ముకున్నాక దాని దగ్గర దాచడం బాగుండదు. ఆ లోడు నాకంటే ముందు బావదే. నాలుగేళ్ళ కిందట ఒక ఉదయం మిల్లు అరుగు మీద ఓనరు గారితో సహా పదిమంది ఉండగా, బావ బండికి ఇంటిదారి ఎద్దుకి తెలిసినట్టు తెలుసనీ, అతను ద్వారపూడిలో నిద్రపోయి మండపేటలో లేస్తాడనీ, దారిలో రైలు గేటు పడితే బండి తనంతట తనే ఆగి హారను కొట్టి గేటుమేన్ని లేపుతుందనీ చెప్పాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు. ఓనరు గారు కూడా నవ్వారు. నెల తిరక్కుండా లోడు నాకొచ్చింది. నా కథ వల్లే వచ్చిందేమోనని నాకు అనుమానం రాకపోలేదు. లోడు చేతికొచ్చాక అనుమానాన్ని ఎవరు పెంచుకుంటారు? బావ ఆరోజు కూడా "ఊఁ" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

"నవ్వించడానికి అన్నాను," అన్నాను.

"తెలుసు. నాలుగేళ్ళు నవ్వుతూనే ఉన్నాను," అని గ్లాసు పెట్టేసి బండెక్కాడు. డీజిల్ ఇంజను అందుకుంది. ఆ వణుకు నాకు కాళ్ళ కింద నేలలో తగిలింది.

తప్పు నాదీ ఉంది, కాదనను. అయినా నాకు కడుపు మంట చల్లారలేదు, ఇప్పటికీ చల్లారదు. నేను అన్నది ఒక్క పూట, నోటికొచ్చి. అతను మూడు రోజులు టీ కొట్టులో కూర్చుని, నాతో షోరూముకి వచ్చి, సీటు నొక్కి చూసి, నీలం రంగు ఎంచాడు. ఆ రంగు దగ్గరే నా మనసు ఆగిపోతుంది. రంగెందుకు ఎంచాలి?

వారం తర్వాత మిల్లుకెళ్ళాను. లోడు తిరిగి అడగడానికే వెళ్ళాను, గొప్పకి వేరే చెప్పను. ఓనరు గారు తవుడు చేతిలో పోసుకుని చూసుకుంటున్నారు. ఆయన్ని చూశాక ఏమైందో, లోడు మాట రాలేదు. అప్పట్లో నిద్ర సంగతి నేను కల్పించిందండి, అతను స్టీరింగు దగ్గర ఒక్కసారి కూడా కునుకు తీయలేదండి, అన్నాను.

ఆయన నా వంక వింతగా చూశారు. "నీ మాటలు పట్టుకుని ఎవడైనా లోడు మారుస్తాడటయ్యా? అప్పట్లో అతని బండి బాడీ పొట్టిది, ఆరు బస్తాలు తక్కువ పట్టేవి. అందుకని నీకిచ్చాను," అని చేతిలో తవుడు దులుపుకుని లోపలికెళ్ళిపోయారు.

ఆరు బస్తాలు. ఇరవై ఏళ్ళలో బావ ఆడిన ఒకే ఒక్క అబద్ధానికి కారణం నేను కాదు, ఆరు బస్తాలు.

స్టాండుకి వచ్చేసరికి బావ నా కోసం ఎదురుచూస్తున్నాడు. నేను మిల్లుకెళ్ళినట్టు ఎవరో చెప్పినట్టున్నారు. నా బండి దగ్గరికి నడిచి వచ్చి కిటికీ మీద చెయ్యి వేశాడు. లోడు అతనికీ నాకున్నంత అవసరమే, కొత్త బండి మరి.

"ఏం చెప్పొచ్చావు బావా?" అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెబితే అరనిమిషం పని. అతను ఏ పగతో నన్ను మోసం చేశాడో ఆ పగకి కారణమే లేదని అతనికి తెలిసిపోయేది. నాలుగేళ్ళ బరువు అక్కడికక్కడ దిగిపోయేది, ఇంకో బరువు ఎక్కేది. నేను అతని వేళ్ళ వంక చూశాను.

"నీ డీజిల్ బాగా లాగుతోందా అని ఓనరు గారు అడిగారు. బాగా లాగుతోందని చెప్పాను," అన్నాను.

అతను "ఊఁ" అనలేదు. నా ముఖంలో ఇంకేమైనా ఉందేమోనని వెతుకుతూ అలాగే నిలబడ్డాడు. కిటికీ మీంచి చెయ్యి తీసేదాకా ఆగి, తాళం తిప్పాను. చప్పుడు లేకుండా బండి కదిలింది. ఇప్పుడు కడియం వైపు నుంచి పూల బస్తాలు తోలుతున్నాను. వాటికి బరువుండదు.