అనుమానం వదిన చేసిన దీపం

మా వదినకి ఫ్యాక్టరీలో ‘అనుమానం మేడం’ అని పేరు. ఇంట్లో మేం అంత మర్యాదగా కూడా అనం. పాలు పొంగకపోతే పాల మీద అనుమానం, పొంగితే పొయ్యి మీద అనుమానం. అలాంటి మనిషిని మా అన్నయ్య ఏరికోరి చేసుకున్నాడు. ఆడపడుచుని కదా, ఒకటికి రెండు చెబుతానని మీరనుకోవచ్చు. అనుకోండి.

మేం ముగ్గురం ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తాం. వదిన పని కార్ల ముందు దీపాలు డిజైన్ చెయ్యడం. ఈసారి చేసిన దీపంలో మామూలు బల్బు లేదు. గోరంత చిప్పు మీద వేల ఎల్‌ఈడీ చుక్కలున్నాయి. దేనికదే వెలుగుతుంది, దేనికదే ఆరుతుంది. కారుకున్న కెమెరా దారి చూస్తూ ఉంటుంది. మనిషి కనిపిస్తే అటువైపు చుక్కలు వెలుగుతాయి. ఎదురుగా బండి వస్తే అవతలివాడి కళ్ళలో పడేవి ఆరిపోతాయి. ఏమీ లేనిచోట కూడా ఆరిపోతాయి, కరెంటు ఆదా అని. ఆ ఆదా చూసి మా మేనేజరు మురిసి ముక్కలయ్యాడు. ఆయన్ని మేం పెద్దసారు అంటాం.

కెమెరాకి మనుషుల్ని గుర్తుపట్టడం నేర్పిందీ, దీపాన్ని పరీక్షించిందీ ఒకే షెడ్డులో. పొడవాటి షెడ్డు, లోపలంతా నల్ల రంగు. పట్టపగలు తలుపు వేసినా కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. అక్కడ అన్నయ్య కారు నడుపుతాడు, నేను పక్కన కూర్చుని మీటరు మీద వెలుగు కొలతలు చూస్తాను. దారి అంచున ఎవరో ఒకరు నడుస్తారు. కనిపించారో లేదో అన్నయ్య చెప్పాలి. ఆయన సరేనంటేనే దీపం రోడ్డెక్కేది.

నడిచినవాళ్ళందరూ కనిపించారు. ఒక్కరు కూడా తప్పలేదు. పెద్దసారు స్వీట్లు తెప్పించాడు. వదిన ముట్టుకోలేదు.

“ఒక్కటైనా తప్పకపోవడం ఏమిటే? మీటరు సరిగ్గానే పెట్టావా?” అంది నాతో.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా అదే పని చేస్తున్నాను, నాకే పాఠాలు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అన్నయ్య వంతు వచ్చింది.

“నిజం చెప్పండి. నేను చేసిన దీపమని చూసీ చూడనట్టు వదిలేశారా?”

అన్నయ్య చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. “మనుషుల ప్రాణాల మీదికొచ్చే అబద్ధం ఆడతానా నేను?”

“నా కోసం ఆడతారేమోనని నా భయం.”

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. అక్కణ్ణుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఉప్పు అందుకోవాలన్నా మధ్యలో నేనే. దీపం సంగతి దేవుడెరుగు, ముందు కాపురం ఆరిపోయేలా ఉందే అని నాకు గుబులు పుట్టింది.

తర్వాతి వారం వదిన షెడ్డు తలుపు దగ్గర దిమ్మెరపోయి నిలబడింది. అక్కడ వెలుగు పడితే మెరిసే పట్టీల కోట్లు వరసగా వేలాడుతున్నాయి. లోపల కారు తిరుగుతుంది కనుక అవి తొడుక్కోనిదే ఎవరినీ లోపలికి పోనివ్వరు.

“నడిచినవాళ్ళు కూడా ఇవే వేసుకున్నారా?”

“వేసుకోకపోతే వాచ్‌మన్ ఊరుకుంటాడా వదినా?”

ఆమె ఒక కోటు పట్టీని వేలితో తడిమి చూసింది. “మీ అన్నయ్యతో చెప్పు, లోపల ఎవరూ ఉండరు, ఊరికే కొలతలకి ఒకసారి నడపమని. నేను బయటే ఉంటాను.”

అలాగే చెప్పాను. అన్నయ్య ముభావంగా కారు తీశాడు. దారి ఖాళీ. ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళి ఆగాం.

“ఎవరైనా కనిపించారా?” వెనక నుంచి వదిన గొంతు.

“ఎవరూ లేరుగా,” అన్నాడు అన్నయ్య. అనేసి గిరుక్కున వెనక్కి తిరిగాడు.

దిగి షెడ్డు లైట్లు వేశాను. దారి అంచున మోకాలెత్తు సిమెంటు దిమ్మ వెనకాల ముదురు నీలం బట్టల్లో వదిన నిలబడి ఉంది. కోటు తీసేసింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఆమెను దాటి వచ్చాం. ఈ షెడ్డులోనే నేర్చుకున్న కెమెరాకి తెలిసింది మనిషి కాదు, మెరిసే పట్టీ. పట్టీ లేకపోయేసరికి అక్కడేమీ లేదనుకుని, కరెంటు ఆదా చెయ్యడానికి మా వదినని చీకట్లో వదిలేసింది.

అన్నయ్య కారు దిగి పరుగున వచ్చాడు. “నిన్నే దాటుకుంటూ పోయానా?”

“మీరు అబద్ధం ఆడలేదండీ.” వదిన ఏడ్చేసింది. “ఈ ఒక్కసారైనా నా అనుమానం తప్పు కావాలని ఎంత మొక్కుకున్నానో.”

గబగబా వెళ్ళి వాటేసుకున్నాను. ఆమె మీద అంత కోపం, అంత ప్రేమ నాకు ఒక్కసారే ఎప్పుడూ రాలేదు.

కబురు తెలిసి పెద్దసారు వచ్చాడు. “నీలం బట్టలు వేసుకుని నక్కితే ఏ దీపానికి మాత్రం కనిపిస్తారు?” అన్నాడు.

అన్నయ్య పాత దీపాల కారు తెచ్చి నడిపాడు. అదే బట్టల్లో, అదే చోట వదిన కనిపించింది.

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. “సరే, లోపం ఉంది. మెల్లగా దిద్దుకుందాం. ఈలోగా ఆ దీపాలు బిగించిన బండ్లు బయటికి పోనీ. రోడ్డు మీద ఇంత చీకటి ఎక్కడుంటుంది?”

“అలాగే సార్,” అన్నాడు అన్నయ్య చాలా నెమ్మదిగా. “మీరు కోటు తీసి దారి మధ్యలో నిలబడండి. లైట్లు ఆర్పించి, కొత్త దీపాల కారు నేను నడుపుతాను.”

పెద్దసారు దారి మధ్యలోకి చూశాడు, అన్నయ్య చేతిలో తాళాల వైపు చూశాడు.

“ఆ దీపాలు విప్పించండి,” అన్నాడు.