అత్తా అని పిలిచిన ఆట

మొన్న ఆదివారం తిరుపతిలో మా కొడుకింటి వంటగదిలో కూర్చుని, తాండ్ర పోద్దామని మామిడి రసం పిండుతున్నాను. మోచేతుల దాకా పచ్చగా కారుతోంది, ఇల్లంతా తోతాపురి వాసన. అప్పుడు హాల్లోంచి కేక వినబడింది. అత్తా అని. ఒక్క గొంతు కాదు, వీధి వీధంతా కలిసి అరిచినట్టు. చేతిలో టెంక చేతిలోనే ఉంది, లేచి ఉరికాను. మా కోడలు భవాని టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని నవ్వుతోంది. ఆ పిల్ల నన్ను పిలవలేదని నాకు తెలుసు. ఆమెకు నేను ఆంటీనే. "సూడండాంటీ, మీరు చెప్పిన ఆట ఇదేనా?" అంది. తెర మీద ఇరుకు సందు, ఆ పక్కన చేపల అంగడి, గోడకు కట్టిన బుట్ట, ఆ బుట్ట కింద గొడుగు పట్టుకుని నడుం వంచి నిలబడ్డ ముసలమ్మ. ఏళ్ళ తరబడి నేను వెతికిన ముసలమ్మ అక్కడ నిలబడి ఉంది, అప్పటికన్నా ఒక్క రోజు కూడా వయసు పెరగకుండా. నాకు మాత్రం ఆమె పక్కన మా అత్త రాజమ్మ కనిపించింది.

మా అత్తను చూడనివాళ్ళకు ఆమె గురించి ఎలా చెప్పాలి? పొట్టి మనిషి, నడక మాత్రం పెద్దది. చిత్తూరులో మా వీధికి ఆమె గొంతే గడియారం. పొద్దున పాలవాడిని తిట్టడంతో మొదలై, రాత్రి కుక్కను అదిలించడంతో ముగిసేది. అలాంటి ఇంటికి ఐరాల పక్క పల్లె నుంచి నేను కోడలిగా వచ్చాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, పల్లె దాటి ఎరగనిదాన్ని. మా వైపు పిల్లలకు చాలామందికి మేనరికాలే కాబట్టి, పుట్టినప్పటి నుంచి అత్తా అని పిలిచే మనిషి దగ్గరికే కోడలిగా పోతారు. కొత్తగా పిలవాల్సిన పని ఉండదు. నాది బయటి సంబంధం. ముక్కూ మొహం తెలియని మనిషిని ఉన్నట్టుండి అత్తా అనమంటే నా నాలుక తిరగలేదు. భయం కొంత, సిగ్గు కొంత. మా ఆయన లారీ మీద ఎప్పుడూ మద్రాసు దారిలోనే ఉండేవాడు. ఇంట్లో మేమిద్దరమే. అన్నానికి పిలవాలంటే ఆమె ఎదుట పోయి నిలబడేదాన్ని. చూడకపోతే గాజులు కదిపేదాన్ని. అప్పటికీ చూడకపోతే పళ్ళెం మీద గరిటెతో టంగుమనిపించేదాన్ని. ఒకరోజు ఆమె గరిటె వైపు చూసి, "నేనేమన్నా కోడినామ్మే, పళ్ళెం కొడితే వచ్చేదానికి?" అంది. నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది.

పక్కింట్లో దిల్షాద్ అక్క ఉండేది. ఆమె భర్త టీవీలు బాగు చేసేవాడు. ముందు గదిలో ఆ అక్క పిల్లలకు వీడియో గేముల అంగడి పెట్టింది. మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. ఆ గోడ అవతల మా అత్త ఆమెతో చెప్పుకోవడం ఒకనాడు నా చెవిన పడింది. ఇంతవరకు నన్ను అత్తా అనలేదు, కనీసం ఓయ్ అనైనా అనలేదు, ఆ పిల్లకు ఇక్కడ ఉండే మనసు లేదు అంటోంది. ఆ మాటలో కోపం ఉందనే అనుకున్నాను. బాధ ఉందని అప్పుడు నాకు తెలియలేదు. ఆడి నెల, అదే ఆషాఢం, దగ్గరికొస్తోంది. ఆ నెలంతా కొత్త కోడలు అత్తతో ఒక కప్పు కింద ఉండకూడదని పుట్టింటికి తీసుకుపోతారు కదా. నాయన వచ్చి తీసుకుపోతే ఇక తిరిగి ఈ గడప తొక్కకూడదని లోలోపల తీర్మానం చేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పెట్టె కూడా సగం సర్దుకున్నాను.

అప్పుడే ఒక మధ్యాహ్నం పెరుగు తోడుకని దిల్షాద్ అక్క ఇంటికి పోయాను. పిల్లలు బడికి పోయి ఉన్నారు, టీవీ ఊరికే ఉంది. "కూర్చోమ్మా, మొగం అట్ల యాలాడేస్కోని యాడికి పోతావు?" అని నా చేతిలో ఆట రిమోటు పెట్టింది. అది జపాను ఆట. సీడీ మీద, తెర మీద అంతా వాళ్ళ అక్షరాలే, పుల్లలు విరిచి పోసినట్టు. దాని పేరేమిటో అంగడి పెట్టినామెకే తెలియదు. ఆడను వచ్చే కాలేజీ పిల్లలకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ గదిలో నాకు మొదట నచ్చింది అదే. వీధిలో బాలు ఆడి, గోడకున్న బుట్టలో వేయాలి. ఆడేవాళ్ళు మాత్రం వింత మనుషులు. గోచీ పెట్టుకున్న కొండంత లావుపాటివాడు, వాడికి ముద్దోడు అని పేరు పెట్టాం. కాళ్ళకు చక్రాలు కట్టుకున్న పిల్ల చక్రాల పాప. తలగుడ్డ కట్టి చేయి తుడుచుకుంటూ వచ్చేవాడు చేపలోడు. ఇక గొడుగు ముసిల్ది. ఎవరైనా బాలు లాక్కోబోతే గొడుగుతో నెత్తిన ఒక్కటిచ్చేది, అడిగేవాడు లేడు. మధ్యలో పిల్లి వచ్చి బాలు మీద పడుకుంటే అది లేచేదాకా అందరూ చేతులు కట్టుకుని నిలబడాలి. బుట్టలో బాలు పడిందంటే చాలు, ఆ వీధి జనమంతా అరిచేవాళ్ళు. ఏమని అరిచేవాళ్ళో గాని, మా చెవులకు అత్తా అనే వినబడేది.

ఆ రోజు చక్రాల పాపతో నా మొదటి బాలు పడింది. అత్తా అంది టీవీ. చేయి తిరిగింది, మళ్ళీ పడింది, మళ్ళీ అత్తా అంది. నేను పెళ్ళయ్యాక మొదటిసారి నోరారా నవ్వుతున్నాను. అంతలో తలుపు దడాలున తెరుచుకుంది. మా అత్త. మిద్దె మీద తాండ్ర పోస్తున్నదల్లా దిగి ఉరికి వచ్చింది. మోచేతుల దాకా మామిడి రసం, కొంగు జారి నేల మీద ఈడుస్తోంది, రొప్పుతోంది. "ఏమైందిమ్మే? పడితివా? కాలిందా?" అని నా చేతులు, కాళ్ళు తడిమింది. నాకేం కాలేదని దిల్షాద్ అక్క చెప్పింది. పిలిచింది నేను కాదు, టీవీ అని చూపించింది. మా అత్త తెర వైపు చూసింది, నా వైపు చూసింది.

"నువ్వు పిలవలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నువ్వు పిల్సినావనుకుంటి" అంది. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అంతవరకు తెలియదు. పోతుందేమో అనుకున్నాను. పోలేదు. చాప మీద కూలబడి, "యాడ, ఇంగోసారి పిలిపీ" అంది.

పిలిపించాను. ఆ సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చేదాకా పిలిపిస్తూనే ఉన్నాను. మరునాడు ఆమె తనకూ ఒక రిమోటు కావాలంది. ముసిల్దాన్నే ఎంచుకుంది. "నడుం వంగినా దాని చెయ్యి వంగలేదు సూడు" అని మురిసిపోయేది. టెంక పిసికినట్టు మీటలన్నీ కలిపి పిసికేది. రిమోటంతా మామిడి జిగురు పట్టి మీటలు లేచి రాకపోతే, దిల్షాద్ అక్క తడిగుడ్డతో తుడుస్తూ, "పెద్దమ్మా, ఇది రిమోటు, మామిడికాయ కాదు" అని మొత్తుకునేది. నేనూ అత్తా ఒక జట్టు. దిల్షాద్ అక్క, ఆమె చెల్లెలు రెండో జట్టు. ఒక జట్టులో ఉన్నవాళ్ళు ఒకరికొకరు బాలు ఇచ్చుకోవాలి. మా అత్తకు ఆడేటప్పుడు తెర మీద కాక తన వేళ్ళ మీదే చూపు. నా బొమ్మ ఎక్కడుందో ఆమెకు తెలియదు. నేను బుట్ట కింద ఖాళీగా నిలబడి గాజులు గలగలలాడించేదాన్ని. ఆమెకు వినబడేది కాదు. అలా ఎన్ని ఆటలు ఓడిపోయామో.

నాయన వచ్చే ముందు రోజు కూడా ఆడాం. దిల్షాద్ అక్క వాళ్ళు ముందు నుంచి మమ్మల్ని ఏడిపిస్తున్నారు, అత్తాకోడళ్ళది మూగజట్టు అని. చివరికి రెండు వైపులా సమానంగా వచ్చింది. తెర పక్కన టైము చూపే గీత కరిగిపోతోంది. బాలు మా అత్త దగ్గరుంది. ముద్దోడూ చేపలోడూ కలిసి ముసిల్దాన్ని గోడకు నొక్కేశారు. గొడుగు ఆడించే చోటు కూడా లేదు. నేను బుట్ట కింద ఒక్కదాన్నే. మా అత్త వేళ్ళ వైపే చూస్తూ అన్ని మీటలూ నొక్కుతోంది, నుదుటి మీద చెమట. గాజులు కదిపాను. చాప మీద చేత్తో కొట్టాను. గీత అయిపోవచ్చింది.

"అత్తా, ఈ పక్కకు. నాకియ్యి."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఇచ్చింది. చక్రాల పాప ఎగిరింది, బాలు బుట్టలో పడింది, టీవీలో జనమంతా పూనకం వచ్చిన మాదిరిగా ఊగిపోయారు. దిల్షాద్ అక్క నెత్తి కొట్టుకుంది. మా అత్త తెర వైపు చూడనే లేదు. రిమోటు ఒళ్ళో పెట్టుకుని నా వైపే చూస్తోంది.

"ఏందమ్మే?" అంది నిదానంగా.

"నాకియ్యమంటిని."

"ఇస్తిని కదా" అంది. "అడిగితే ఈనా?"

మరునాడు నాయన వచ్చాడు. మా అత్త తాండ్ర చాప విప్పి, మధ్యలోంచి మందంగా ఉన్న ముక్క కోసి మూట కట్టింది. నాయనతో పెద్దగా మాట్లాడలేదు. బస్సు ఎక్కే ముందు మాత్రం కిటికీ దగ్గరికి వచ్చి, "ఆడి అయిపోతానే పంపీప్పా. ఆ ముసిల్ది ఒంటిగా ఆడలేదు" అంది. నాయనకు ఆ ముసిల్ది ఎవరో అర్థం కాక నా మొహం చూశాడు. నేను కిటికీలోంచి, పోయొస్తా అత్తా అన్నాను. ఐరాలలో దిగేదాకా ఆ మాట నా నోట్లో తియ్యగానే ఉంది. తాండ్ర వల్ల కూడా అయి ఉండొచ్చు. ఆడి వెళ్ళగానే నాయనను నేనే తొందర పెట్టి చిత్తూరుకు తిరిగొచ్చాను. సగం సర్దిన పెట్టెను మా అత్త చూసే ఉంటుంది. ఎప్పుడూ అడగలేదు.

ఆ తరువాత ఆ సీడీ గీతలు పడి పాడైపోయింది. దిల్షాద్ అక్క వాళ్ళు ఊరు మారారు. మా అత్త కూడా వెళ్ళిపోయింది. పోయే ముందు మంచంలో పడుకుని కూడా, ఆ ముసిల్ది ఏమైందో పాపం అనేది. ఎక్కడ గేముల అంగడి కనిపించినా లోపలికి పోయి అడిగేదాన్ని. పేరేమిటని అడిగేవాళ్ళు. పేరు తెలియదు నాయనా, గొడుగు ముసలమ్మ ఉంటుంది, పిల్లి బాలు మీద పడుకుంటుంది అని చెబితే వింతగా చూసి పంపేసేవాళ్ళు. మా భవాని నవ్వకుండా విన్నది. ఆమె తిరుపతి నుంచి రోజూ శ్రీ సిటీకి కంపెనీ బస్సులో పోతుంది. అక్కడ ఒక జపాను ఆయనకు నేను చెప్పినట్టే బొమ్మ గీసి చూపించిందట. ఆయన ముసలమ్మ గొడుగును చూసి బల్ల చరిచి నవ్వాడట, చిన్నప్పుడు తనూ ఆడాడట. అలా దొరికింది.

వాళ్ళు అరిచేది యత్తా అని భవాని చెప్పింది. సాధించేశాం అని దానికి అర్థమట, కంపెనీలో పని గట్టెక్కితే ఆ జపాను ఆయన కూడా అలాగే అంటాడట. పోనీ, వాళ్ళకు అదే అర్థం కానీ. మా ఇంట్లో దాని అర్థం వేరు. పిలిచారనిపిస్తే చేతిలో పని చేతిలోనే వదిలి పరుగెత్తాలి, పిలిచింది ఎవరా అన్నది తరువాత సంగతి. రసం కారే చేతులతో మిద్దె దిగి వచ్చిన మా అత్త నాకు నేర్పింది అంతే. ఆ ఒక్కటీ నేను పారేసుకోలేదు.

చేతులు కడుక్కోమని భవాని చెబుతూనే ఉంది, నేను వినలేదు. రిమోటు అందుకుని ముసిల్దాన్ని తీసుకున్నాను. భవాని చక్రాల పాపను తీసుకుంది. మీటలు జిగురు పట్టాయి. గోడకు నొక్కేశారు నన్ను, ఏ మీట నొక్కాలో మరిచిపోయి వేళ్ళ వైపే చూస్తున్నాను. పక్కనుంచి ఆ పిల్ల గట్టిగా ఏదో అరిచింది. చేతికి తగిలిన మీట నొక్కాను, బాలు పోయింది, వీధంతా కేక పెట్టింది. భవాని అన్నది ఆంటీ అనో, అత్తా అనో ఆ గోలలో నాకు తెలియలేదు.

"ఏమ్మా?" అన్నాను.