బావ నవ్విన శనివారం

మొన్న ఫ్రిస్కోలో మా అక్క వాళ్లింట్లో భోజనాల దగ్గర నేనొక జోకు వేశాను. గొప్పదేం కాదు. ప్లేనోలో నేను దోశలు పోసే హోటల్‌కి ఒకాయన వచ్చి మసాలా దోశ కావాలి, మసాలా వద్దు, నూనె వద్దు, పిండి కూడా కాస్త తగ్గించమన్నాడనీ, "అయితే ప్లేటు వేడి చేసి ఇచ్చేయనా సార్" అన్నాననీ చెప్పాను. బావ పగలబడి నవ్వాడు. అంతే, అక్క గరిటె సాంబారులో వదిలేసి షుగర్ మీటరు కోసం లోపలికి పరిగెత్తింది. నేను లేచి బావ మెడ మీద చెయ్యి పెట్టి చెమట పట్టిందేమో చూశాను. ఇక్కడే పుట్టి పెరిగిన మేనకోడలు ఫోన్‌లోంచి తలెత్తి, "మామయ్యా, డాడీ జస్ట్ నవ్వాడు. ఎందుకు అంత పానిక్?" అంది. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే జర్మనీ దాకా వెళ్లాలి.

మా బావ నవ్వడు. పెళ్లిపీటల మీద ఫోటోగ్రాఫరు నవ్వమంటే "ఎందుకు?" అని అడిగిన మనిషి. బావమరిదికి బావని ఆటపట్టించే హక్కు పుట్టుకతో వస్తుంది కదా, ఇరవై ఆరేళ్లుగా ఆ హక్కుని నేను ఒక్కరోజు కూడా ఖాళీగా ఉంచలేదు. ఆయన మాత్రం నా జోకు ప్రతిదీ ఆఫీసు మెయిల్ చదివినట్టు విని, "అయితే?" అనేవాడు. ఆయన సాఫ్ట్‌వేర్‌లో పెద్ద మేనేజరు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తూ పెరిగినవాణ్ణి. అందుకే రెండేళ్ల కిందట, డాక్టరు చెప్పాడని సైకిలు తొక్కడం మొదలెట్టిన బావ జర్మనీలో మోజెల్ నది వెంబడి వారం రోజుల టూర్ బుక్ చేసుకుంటే, అక్క నన్ను తోడిచ్చి పంపింది. ఎయిర్‌పోర్టులో నన్ను పక్కకి లాగి, "ఒరేయ్, మనిషిని అప్పగిస్తున్నాను. మళ్లీ మనిషినే అప్పగించు" అంది. "మరి సైకిలో?" అన్నాను. వీపు మీద ఒక్కటి పడింది.

టూరులో రెండో రోజు శనివారం. పెద్ద సామానంతా పొద్దున్నే వ్యాన్‌లో ముందరి ఊరి హోటల్‌కి వెళ్లిపోతుంది, మనం ఒట్టి చేతులతో తొక్కుకుంటూ వెళ్లాలి. బావకి షుగర్ కదా, దారిలో తగ్గితే తినడానికని అక్క పల్లీ చెక్కీల డబ్బా ఇచ్చింది. బరువెందుకులే అని దాన్ని వ్యాన్‌లో వేసింది నేనే. నేను టిఫినుకి దిగేసరికి బావ హెల్మెట్ పెట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. "తిన్నారా?" అంటే "నాదైందిలే, నువ్వు కానీ" అన్నాడు. నమ్మాను. అబద్ధం చెప్పేంత సరదా మనిషి కాదు మరి.

ద్రాక్షతోటలు నదికి రెండు వైపులా గోడలు నిలబెట్టినట్టు ఉంటాయక్కడ. సెప్టెంబరు చివర, కోతల కాలం. గాలిలో పులిసిన పళ్ల వాసన. నీళ్లు కదులుతున్నాయా లేదా అని చూడ్డానికి ఒక బాతు కావాలి. మధ్యాహ్నం అయ్యాక ఊరేదీ లేని ఒక పెద్ద మలుపులో, నోరు ఊరుకోక, వంతెన మీద నిలబడి చేపలతో బేరం ఆడిన మా షాపు ఓనరు సంగతి చెప్పాను. వెనక నుంచి కిలకిలమని నవ్వు. తిరిగి చూస్తే బావ! నేను పొంగిపోయాను. ఇంకొకటి వేశాను, మళ్లీ నవ్వాడు. ఇరవై నాలుగేళ్ల బాకీ ఒక్కసారి తీర్చేస్తున్నాడనుకుని పావుగంట సేపు నా దగ్గరున్న సరుకంతా కుమ్మరించాను. ఈలోగా ఆయన ముందు చక్రం అటూ ఇటూ ఊగుతూ నది అంచుకి పోతోంది. సైకిల్ షాపు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆపి, కిందికి వంగి, చక్రాన్ని పట్టుకుని ఊపి చూశాను. బిగుతుగానే ఉంది. అప్పుడు తలెత్తి మనిషిని చూశాను.

ముఖం పాలిపోయింది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతులు వణుకుతున్నాయి. నవ్వు మాత్రం ఆగలేదు. "బావా, పొద్దున ఏం తిన్నారు?" అన్నాను. "శనివారం ఎవడైనా తింటాడట్రా? మాత్ర వేసుకున్నాగా" అని, అదేదో పెద్ద జోకైనట్టు మళ్లీ నవ్వాడు. ఇది నా జోకుల నవ్వు కాదు, షుగర్ పడిపోయిన నవ్వు. వెంకన్నకి ఒక్కపొద్దు, షుగరుకి మాత్ర, డాక్టరుకి సైకిలు: ముగ్గురినీ ఒక్క రోజే మెప్పించబోయాడు. ఫ్రిస్కోలో ఏసీ గదిలో కూర్చుని చేసే ఉపవాసం వేరు, ఇది వేరు.

ఆయన్ని గట్టున కూర్చోబెట్టాను. ఫోన్‌లో సిగ్నల్ లేదు. చెక్కీలు ఎక్కడో వ్యాన్‌లో హాయిగా ప్రయాణం చేస్తున్నాయి. గబగబా తోటలోకి ఎక్కి దొరికిన గుత్తి తెంపుకొచ్చి నోటి దగ్గర పెడితే, పళ్లు బిగించేశాడు. "అడిగి కోశావా? దొంగ పళ్లు నేను తినను." స్పృహ తప్పుతున్నవాడికి ఇంకా నీతి తప్పలేదు! ఇంతలో పైనుంచి కేకలు. కోతల కత్తెర చేత్తో ఒక పెద్దావిడ జారుతూ దిగుతోంది. నా ఇంగ్లీషు దోశల వరకే, జర్మన్ అసలే లేదు. వేలి కొసని గోటితో పొడుచుకుని, రక్తం చుక్క చూస్తున్నట్టు చూసి, బావ వైపు చూపించాను. ఆవిడ కత్తెర అక్కడే పడేసింది. వాళ్లింట్లోనూ ఎవరో రోజూ వేలు పొడుచుకుంటారనుకుంటాను. వచ్చినంత వేగంగా వెనక్కి ఎక్కి, ట్రాక్టర్‌లోంచి అప్పుడే పిండిన రసం సీసా తెచ్చింది. ఆవిడ ఇచ్చింది కాబట్టి బావ తాగాడు.

తర్వాత కూర్చోవడమే. రసం పనిచేస్తోందో లేదో తెలియడానికి మీటరు లేదు, అదీ వ్యాన్‌లోనే. ఒక్కటే దారి తోచింది. చేపల బేరం జోకు మళ్లీ చెప్పాను. కిలకిల. కాసేపాగి మళ్లీ చెప్పాను. కొంచెం తగ్గింది. "మనిషినే అప్పగించు" అన్న అక్క మాట చెవిలో మోగుతుంటే అదే జోకు ఎన్నిసార్లు చెప్పానో. ఆవిడ తన చేత్తో బావ వీపు రాస్తూ, నాకు పిచ్చేమో అన్నట్టు చూస్తోంది. చివరికి బావ ముఖం చిట్లించి, తీరిగ్గా నా వైపు తిరిగి, "ఒరేయ్, ఇది ఇందాక కూడా చెప్పావు. అప్పుడూ బాగాలేదు" అన్నాడు. నేను ఆ పరాయి దేశపు నది గట్టున ఆయన మోకాళ్లు పట్టుకుని భోరుమన్నాను.

ఇక మొన్న ఫ్రిస్కోలో, అక్క మీటరు తెచ్చి బావ వేలు పొడిచింది. నూట ఇరవై నాలుగు. షుగర్ తగ్గలేదు. "అయితే ఆ ప్లేటు జోకు బాగుందన్నమాట" అన్నాను. "ఫర్లేదు" అన్నాడు బావ, చెంచాతో సాంబారులోంచి గరిటె పైకి తీస్తూ. ఆయన ఒక్కసారి నవ్వితే చాలని ఇరవై ఆరేళ్లు ఎదురుచూశాను, నవ్వు ఆపితే చాలని ఒక్క అరగంట ఎదురుచూశాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ అరగంటే పొడుగ్గా కనిపిస్తుంది.