స్టేషన్‌కని చెప్పి ఎక్కిన టాక్సీ

ఫోన్ మీద బొటనవేలు ఆనిస్తే చాలు, కారు వచ్చి గుమ్మంలో నిలబడుతుందని మా జంషెడ్‌పూర్ జనం కొత్తగా నమ్మడం మొదలుపెట్టిన రోజులవి. నమ్మినవాళ్ళలో నాది మొదటి వరస. ఆ వయసులో నేను నమ్మనిది ఒక్క మా నాన్న మాటే. ఆయన టాటానగర్ స్టేషన్లో టికెట్ కలెక్టరు (ఇంటికొచ్చాక నల్లకోటు విప్పేవారు గానీ, ఆ చూపు విప్పేవారు కాదు). నాకు రాంచీలో ఉద్యోగం వచ్చింది. ఆడపిల్ల ఊరుగాని ఊళ్ళో ఒంటరిగా ఎలా నెగ్గుకొస్తుందని నాన్న రోజూ నసిగి నసిగి, చివరికి దుర్గాపూజ అష్టమినాడు ఒక పరీక్ష పెట్టారు. "పందిళ్ళు సూడ్డానికి ఎల్లు. పదిలోపు నీయంతట నువ్వు ఇంటికొచ్చీ. అప్పుడు రాంచీ మాట సూద్దాం. నేకపోతే ఆ ఊసెత్తకు," అని చెప్పి సాయంత్రం డ్యూటీకి వెళ్ళిపోయారు.

ఓస్ ఇంతేనా అనుకుని, మా పిన్ని కూతురు బుజ్జిని వెంటేసుకుని ఆదిత్యపూర్ పందిళ్ళన్నీ చుట్టేశాను. తిరుగు ప్రయాణం మొదలుపెట్టాకగానీ ఆ పరీక్ష ఎంత కఠినమో తెలిసి రాలేదు. షేర్ ఆటోల్లో డ్రైవరు పక్కన కూడా ముగ్గురేసి కూర్చున్నారు. ఫోన్లో కారు పిలిస్తే క్షణంలో ఒప్పుకుంటాడు, వెంటనే ఫోన్ చేసి "కహా జానా హై?" అంటాడు. జుగ్‌సలాయి అనగానే ఠక్కున పెట్టేస్తాడు. పూజరోజుల్లో మా జుగ్‌సలాయి సందుల్లోకి దూరిన బండి మళ్ళీ బయటపడేది దశమికేనని వాళ్ళ బాధ. ఒకడైతే "దీదీ, పైదల్ చలీ జాయియే, సేహత్ బనేగీ," అని, నడిచిపోతే ఒళ్ళు గట్టిపడుతుందని సలహా కూడా ఇచ్చాడు. బుజ్జి చెప్పులు చేత్తో పట్టుకుని ఒకటే నవ్వు. దానిదేం పోయింది, రాంచీ దానిది కాదుగా!

అప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేసింది (అలా పనిచేసినప్పుడల్లా నాకు మూడిందన్నమాటే). స్టేషన్ అంటే ఎవడైనా వస్తాడు, తిరుగు బేరం ఖాయం కాబట్టి. మా ఇల్లు ఆ దారిలోనే. మధ్యలో దిగిపోతే సరి! స్టేషన్ అన్నానో లేదో, కారు వచ్చి నిలబడింది. "గాడీ కిత్నే బజే హై?" అని, రైలెన్నింటికో డ్రైవరు మర్యాదకే అడిగాడు. ఏదో ఒకటి చెప్పి ఊరుకోవచ్చుగా? రైల్వేవాడి కూతుర్నాయె. పదింటికి హౌరా బండి, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం, మా బోగీ ఇంజను పక్కనే అని పూసగుచ్చినట్టు చెప్పాను.

"అరే బాప్‌రే! పహలే బోల్నా థా నా!" అని, ముందే చెప్పనందుకు నన్ను కసిరి, అతను బండిని ఎగరేశాడు. ఖర్‌ఖాయి వంతెన ఎప్పుడు దాటామో, బిష్టుపూర్ ఎప్పుడొచ్చిందో చూడ్డానికి కళ్ళు తెరిస్తేగా! మా సందు మొదలు కనబడగానే "భయ్యా, యహీ రోక్ దీజియే," అన్నాను. "గాడీ ఛూట్ జాయేగీ బెహన్! జో లేనా హై, స్టేషన్ మే లే లేనా," అని, రైలు తప్పిపోతుంది, కొనేదేదో స్టేషన్లోనే కొనుక్కోమని ఇంకా తొక్కాడు. ఇప్పుడు అబద్ధమని చెప్పనా? మా కోసం అంత ఆయాసపడుతున్న మనిషికి చెప్పడానికి నోరెలా వస్తుంది? మా ఇల్లు కిటికీలోంచి నన్ను చూసి వెనక్కి వెళ్ళిపోయింది. రాంచీ కూడా దాని వెనకే పోయినట్టనిపించి నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

స్టేషన్లో ఆ పుణ్యాత్ముడు కారు దిగి, ఇద్దర్నీ రెక్కపట్టినంత పని చేసి, గేటు దగ్గరికి లాక్కుపోయాడు. అక్కడ నల్లకోటు. మా నాన్న.

"సర్, ఇన్ బచ్చియోం కో జల్దీ చఢా దీజియే!" పిల్లల్ని తొందరగా రైలెక్కించమని డ్రైవరు ఆయన్నే బతిమాలాడు.

నాన్న మమ్మల్ని ఎగాదిగా చూసి, తొణక్కుండా చెయ్యి చాపారు. "టికెట్ దిఖాయియే."

నేను నేల చూపులు. బుజ్జి ఆకాశం చూపులు. మా దగ్గర టికెట్లు లేవని డ్రైవరుకు అర్థమైపోయింది. పాపం, మా తరఫున చేతులు జోడించాడు. "ఛోడ్ దీజియే సర్, ఆప్‌కీ బేటీ జైసీ హై."

"జైసీ నహీ. బేటీ హీ హై." కూతురులాంటిది కాదు, కూతురేనన్నారు నాన్న.

డ్రైవరు జోడించిన చేతులు దించి, ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నాన్న వాచీ చూసి, నన్ను చూసి, "పది దాటింది," అన్నారు. తర్వాత అతనితో, సరే, వీళ్ళను జుగ్‌సలాయిలో దింపెయ్ అని హిందీలో చెప్పారు. అంత ఉపకారీ ఒక్క అడుగు వెనక్కేశాడు. "జుగ్‌సలాయి? నహీ సర్, ఉధర్ నహీ జాయేంగే."

నాన్న నమ్మలేదు. కోటు సర్దుకుని వెళ్ళి బయట ఆటోవాళ్ళను వరసగా అడిగారు. ఒక్కడూ కదల్లేదు. చివరికి డ్యూటీ దిగేదాకా మమ్మల్ని కూర్చోబెట్టారు. ఆ తర్వాత ముగ్గురం నడుచుకుంటూ బయల్దేరాం. సగం దారిలో నాన్న భుజాలు కదలడం చూసి కోపమనుకున్నాను. నవ్వు! "నల్లకోటేసుకున్నోడికే బండి దొరకనేదు, నీకేటి దొరుకుతాదే? తప్పు నాది గాని, రాంచీ ఎల్లు. ఆపీసుకి నడిసెల్లేంత దగ్గర్లో గది సూసుకో," అన్నారు. నడిరోడ్డు మీద ఆయన్ని వాటేసుకున్నాను.

గది ఆఫీసు ఎదురుగానే దొరికింది. అంత నాటకమాడి సంపాదించుకున్న రాంచీలో, రెండేళ్ళపాటు ఎనిమిదింటికల్లా తలుపేసుకుని, "తిన్నారా నాన్నా?" అని ఫోన్ చేసుకుంటూ కూర్చున్నాను.