పేరు లేని ఆరు

అక్క కోడ్‌ను రిలీజ్ నుంచి తీసేస్తున్నారన్న సంగతి నాకు మొదట చెప్పింది అక్కే. శుక్రవారం మధ్యాహ్నం మోరిస్‌విల్‌లో మా ఆఫీస్ పార్కింగ్‌లో కారు తలుపు తీస్తుండగా ఫోన్ చేసింది.

"ఏందే, నీ ట్రేస్ నన్ను పట్టిచ్చింది గదనే!" అంది నవ్వుతూ.

"అదేంటక్కా?"

"కస్టమర్ దగ్గర సర్వర్లకు నెట్‌వర్క్ పోతుంది గద. నెట్‌వర్క్ కార్డ్‌ని ఎవరు రీసెట్ చేస్తున్నరో చూద్దామని నీ ట్రేస్ ఆన్ చేసిన్రు. ప్రతిసారీ 'డ్రైవర్ రీసెట్' అనే వస్తుందట. కార్డ్‌ని నడిపే ఆ డ్రైవర్ కోడ్ నాదే గద. రిలీజ్‌లకెల్లి తీసేస్తున్నరట. సోమవారం మీటింగ్."

"మీ కోడ్‌లో తప్పేముంటుందక్కా?"

"నేను గూడ లేదనే అనుకున్న. కానీ నువ్వు రాసిన ట్రేస్ చెప్తుందంటే ఉన్నట్టే. శని, ఆదివారాలు కూసోని వెతుకుత."

ఆ మాటకు లోపల ఎక్కడో నాకు గర్వం కలిగింది. "నేనూ ఒకసారి చూస్తానక్కా" అన్నాను. చూడలేదు. శనివారం గుడిలో అభిషేకం, ప్రసాదం వంతు నాది. ఆదివారం అమ్మాయిని డాన్స్ క్లాస్‌కి తీసుకెళ్ళాలి. చూడడానికి పట్టేది ఏ కాసేపో. స్వామికి పులిహోర కలుపుతున్నంతసేపూ ఆవిడ పేరు చెప్పుకుని దండం పెట్టుకున్నాను కానీ, లాప్‌టాప్ తెరవలేదు.

అక్క నాకు తోబుట్టువు కాదు. ఈ దేశానికి నేను డిపెండెంట్ వీసా మీద వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్లో పైవాటాలో ఉండేది. నాకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వల్ల బడి మానిపించి అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. పెద్దయ్యాక ఇక్కడ వంటింటి గట్టు మీద అక్క ప్రోగ్రామింగ్ చెప్పింది. ఆఫీస్ నుంచి వచ్చి, చెప్పులు గుమ్మంలో వదిలి, "ఇయ్యాల ఏం చేసినవు, చూపియ్యి" అంటూ నా పక్కన కూర్చునేది. పని చేసే అనుమతి వచ్చాక అక్క ఆఫీసులోనే చేరాను. ఇంట్లో చదివిన నాకు రెండుసార్లూ గురువు దొరికింది. ఎంతమందికి దొరుకుతుంది! పొద్దున దీపం పెట్టినప్పుడల్లా ఆ ఇద్దరినీ తలచుకుంటాను.

అంకెలకు పేర్లు పెట్టడం కూడా ఆవిడ మా వంటింట్లోనే నేర్పింది. అప్పట్లో పొడుల డబ్బాల చీటీలు నేను షెల్ఫ్ అంచుకు అంటించుకునేదాన్ని. ఒకరోజు కొత్తగా కొన్న వాము డబ్బాను మధ్యలో పెట్టి, మిగతావి ఒక్కొక్కటీ పక్కకు జరిపాను. ఆ సాయంత్రం టీలో పడ్డది పంచదార కాదు, ఉప్పు. అక్క ఒక గుక్క తాగి, మొహం మాడ్చి, పడీ పడీ నవ్వింది.

"చీటీ డబ్బాకు అంటియ్యాలె గానీ షెల్ఫ్‌కి కాదే. కోడ్‌ల గూడ గంతే. అంకె మిషన్ కోసం, పేరు మనిషి కోసం. రెండూ ఒక్క దగ్గరనే పుట్టాలె."

షెల్ఫ్‌కి చీటీ అంటించే పనే మళ్ళీ నేను కోడ్‌లో చేసిపెట్టాను.

మా పని గురించి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. కంప్యూటర్లో అన్ని ప్రోగ్రాములకూ అడుగున నడిచేది కెర్నెల్. లోపల ఎప్పుడు ఏం జరిగిందో అది వెంటవెంటనే రాసిపెట్టుకునే ఏర్పాటే ట్రేసింగ్. ఆలస్యం కాకూడదు కాబట్టి, కార్డ్ రీసెట్ అయితే ఆ కారణాన్ని మాటల్లో రాయదు, అంకె వేసి ఊరుకుంటుంది. తర్వాత మనం చదివేటప్పుడు ఆ అంకె స్థానంలో పేరు కనబడేలా ఒక పట్టిక ఉంటుంది. ఏ పేరుకు ఏ అంకో బయట చదివే టూల్‌కి తెలియదు. ఆ విలువల్ని కెర్నెలే బయటపెట్టేలా చేయవచ్చు. నేనలా చేయకుండా, తొందరలో, పట్టికను చేత్తో అంకెలు వేసి రాసేశాను. వేడెక్కితే మూడు, కార్డ్ తనంతట తాను బిగుసుకుపోతే నాలుగు, చివరగా, డ్రైవర్ కావాలని రీసెట్ చేస్తే అయిదు.

వేసవిలో ఇంకో కారణం చేర్చాల్సి వచ్చింది: కరెంటు తగ్గడం. చివర పెట్టి ఉంటే ఏ గొడవా లేదు. నాకు ఏదైనా దాని జతలో ఉంటేనే మనసు కుదుటపడుతుంది. దేవుడి గూట్లో కుంకుమ పక్కనే పసుపు ఉండాలి. అందుకని వేడి పక్కన కరెంటును పెట్టాను. కెర్నెల్ కోడ్‌లో ఉన్న కారణాల వరుసలో కిందివన్నీ ఒక్కో అంకె జరిగాయి. పట్టిక వేరే ఫైల్లో ఉంది. అది జరగలేదు.

ఇదంతా సోమవారం మీటింగ్‌కి వెళ్ళేటప్పుడు నాకు తెలియదు. స్క్రీన్ మీద కస్టమర్ ట్రేస్ పెట్టారు. వరుసగా డ్రైవర్, డ్రైవర్, డ్రైవర్. దాని కింద మా ల్యాబ్ ట్రేస్. పోల్చి చూడడానికని అక్క రీసెట్ కోడ్‌ను అక్కడ కావాలని నడిపారు. ఆ వరుసలో పేరు లేదు. ఉత్త ఆరు అంకె ఉంది.

అక్క నా వైపు వంగి, "ఆ ఆరేందే?" అంది మెల్లగా.

"పేరు పడలేదంతేనక్కా. ఏదో ఫార్మాటింగ్."

"గంతేనా?"

"అంతే."

ఆవిడ తలూపి లేచి నిలబడింది. రెండు రోజులు వెతికినా తప్పు దొరకలేదనీ, అయినా ట్రేస్ అంత స్పష్టంగా చెబుతున్నప్పుడు తన కంటికి ఆనడం లేదనే అనుకోవాలనీ, అందరికీ ఇబ్బంది కలిగించినందుకు క్షమించమనీ చెప్పింది. డ్రైవర్ బాధ్యత ఇంకెవరికైనా ఇవ్వమంది. మేనేజర్, "తప్పును ఓన్ చేసుకున్నందుకు థ్యాంక్స్" అన్నాడు. పాపం, అతను మంచివాడే.

సీటుకొచ్చాక ఆ ఆరు నన్ను కూర్చోనివ్వలేదు. వరుస ఒక పక్కన, పట్టిక ఇంకో పక్కన తెరిచాను. ఆరు అంటే ఇప్పుడు డ్రైవర్; అయిదుతో ఆగిపోయిన నా పట్టికలో దానికి పేరే లేదు. అయిదు అంటే కార్డ్ తానే బిగుసుకుపోవడం. నా పట్టిక మాత్రం అయిదును ఇంకా డ్రైవర్ అనే పిలుస్తోంది. ట్రేస్‌లో అంకె మొదటినుంచీ నిజమే చెప్పింది. అబద్ధమాడింది నేను పెట్టిన పేరు. "స్వామీ, ఇది నేను చూసింది తప్పై ఉండాలి" అనుకున్నాను. వెంటనే ఆ కోరికకే సిగ్గేసింది. నేను చూసింది తప్పైతే అక్క తప్పు చేసినట్టే కదా.

బ్రేక్‌రూంలో టీ కలుపుకుంటోంది అక్క. చెప్పేశాను. ఆవిడ చెంచా తిప్పడం ఆపలేదు.

"అంటే నా కోడ్ మంచిగనే ఉన్నదా?"

"మంచిగానే ఉందక్కా. కార్డ్‌దే తప్పు."

"షెల్ఫ్‌కి అంటిచ్చినవ్ చీటీ."

"అవునక్కా."

"ఎన్నిసార్లు చెప్పిన్నే నీకు!" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. "పో, ముందు మేనేజర్‌కి చెప్పుపో. కస్టమర్‌కి తప్పు ప్యాచ్ పోతది."

చెప్పాను. మా పనిలో ఒక కట్టుబాటుంది: తప్పు దిద్దే ప్రతి ప్యాచ్ కిందా, ఆ తప్పు ఏ మార్పుతో మొదలైందో రాయాలి. నా మార్పునే రాశాను. పేరూ అంకే ఒకే వరుస నుంచి పుట్టేలా, విలువల్ని కెర్నెలే బయటపెట్టేలా తిరగరాశాను. తప్పును కనిపెట్టినవాళ్ళ పేరు రాసే చోట అక్క పేరు పెట్టాను. "ఆ ఆరేందే" అని అడిగింది ఆవిడే కదా.

అక్క కోడ్ మళ్ళీ రిలీజ్‌లో చేరింది. డ్రైవర్‌ను తిరిగి తీసుకోమని మేనేజర్ అడిగాడు. కానీ మీటింగ్ అయిన వెంటనే ఆవిడ శాంటా క్లారాలో ఇంకో టీమ్‌కి వస్తానని మాటిచ్చేసింది.

"ఆ మాట వెనక్కి తీసుకోండక్కా, మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను.

"నీ మీద కోపం లేదే. రెండు దినాలు నా కోడ్ నేను చదువుకుని, మంచిగనే ఉన్నదని కండ్లకు కనిపిస్తున్నా, తప్పు నాదే అనుకున్న. నా మీద నాకు గా నమ్మకం పోయింది సూడు, నీ ప్యాచ్‌తోని అది వాపస్ రాదు. కొత్త జాగల మల్ల తెచ్చుకుంట."

వెళ్ళే ముందు మా ఇంటికి భోజనానికి వచ్చింది. మా అమ్మాయి వచ్చీరాని తెలుగులో "ఆంటీ, మీరు ఎందుకు వెళ్తుంది?" అని అడిగితే దగ్గరికి తీసుకుని, "అక్కడ ఎండ మంచిగ ఉంటదట బిడ్డా" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి షెల్ఫ్ చూసింది. ఇప్పుడు చీటీలన్నీ డబ్బాలకే ఉన్నాయి. ఉప్పు డబ్బాను వేలితో ఒకసారి తట్టి వచ్చేసింది.

దేవుడు ఆ ఆరును నా కళ్ళ ముందు నిలబెట్టాడు, అందుకు ఆయనకు రుణపడి ఉంటాను. నేను శుక్రవారమే చూసి ఉంటే ఆవిడ అందరి ముందూ నిలబడి క్షమాపణ అడిగేది కాదు. ఆ సంగతి దీపం ముందు కూర్చున్న ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఇది చదివిన వారిని ఒక్కటి అడుగుతాను. ఆవిడ పేరు ఇక్కడ రాయలేదు, రాయనివ్వలేదు కూడా. మీ పూజ ముగిసినప్పుడో, నిద్ర లేవగానేనో, మా అక్కను ఒక్కసారి మనసులో తలచుకోండి. పోయిన ఆ నమ్మకం ఆవిడకు మళ్ళీ దొరకాలని కోరుకోండి.